కాకీక కాకికి ఎన్ని బిట్లు?

మా స్కూలు ఆఫీసులో తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్‌లు పంపే పని నాది. ఇంగ్లీషులో అయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70. అది దాటితే రెండో మెసేజ్ కింద లెక్క, దానికి వేరే డబ్బులు. పైగా మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'క్రీ' కంప్యూటర్ లెక్కలో నాలుగు: క, పొల్లు, ర, గుడిదీర్ఘం. "రేపు సెలవు" వరకు ఇబ్బంది లేదు. ఫీజు గడువు, పరీక్ష తేదీ, హాల్ టికెట్ సంగతి అన్నీ కలిపితే మాత్రం మూడు మెసేజ్‌లకు పాకుతుంది. "ఇంగ్లీషులోనే పంపేద్దాం మేడమ్" అని పైనుంచి మాట వస్తూనే ఉంటుంది. చదవాల్సిన తల్లుల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు మరి.

ఈ 70 ఎక్కడిదా అని వెతికితే తేలిగ్గానే దొరికింది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 1120 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 1120 గళ్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్ల చొప్పున పంచితే 160, తెలుగు అక్షరానికి 16 చొప్పున పంచితే 70. వట్టి భాగహారం. అయితే ఆ భాగహారం తేలాక ఇంకో ప్రశ్న పట్టుకుంది. తెలుగు అక్షరానికి నిజంగా 16 బిట్లు కావాలా? అక్కర్లేకపోతే ఎన్ని చాలు? ఇంతకంటే తగ్గించలేం అనే గీత ఏదైనా ఉందా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బాబాయి కొడుకుని అడిగాను. "ఉంది అక్కా. షానన్ 1948లోనే తేల్చేశాడు. కాకపోతే అది అర్థం కావాలంటే ముందు ప్రాబబిలిటీ రావాలి" అన్నాడు.

నేను ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత బీకాం. సెకండియర్ గణితంలో సంభావ్యత చదివాను, మార్కులూ బాగానే వచ్చాయి. ఆ రోజుల్లో నాకు తెలిసిన సంభావ్యత ఏమిటంటే, ప్రశ్నలో 'లేదా' ఉంటే కూడు, 'మరియు' ఉంటే గుణించు. సంచీలో ఎర్ర బంతులు, నల్ల బంతులు. అలాంటి సంచీ నేను ఎవరింట్లోనూ చూడలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురి పుస్తకం తీసుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఈసారి లెక్కలు చేయడం కంటే ముందు, జరగగలిగినవన్నీ కాగితం మీద రాయడం అలవాటు చేసుకున్నాను. సగం పని అక్కడే అయిపోతుంది.

దీనికి నాకు బాగా పనికొచ్చింది ఒక పాత తప్పుడు లెక్క. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం ఎంత? ఫ్రాన్స్‌లో డాలంబేర్ అంతటి గణితవేత్త 1754లో 2/3 అని వాదించాడు. ఆయన చెప్పిన కారణం వినడానికి బాగానే ఉంటుంది. మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి ఎగరేయక్కర్లేదు. కాబట్టి దారులు మూడే: బొమ్మ, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. మూడింటిలో రెండు మనకు అనుకూలం. కానీ ఆ మూడు దారులూ సమానమైనవి కావు. మొదటి దారి వాటా 1/2, మిగతా రెండింటి వాటా చెరో 1/4. జవాబు 3/4. ఈ కొమ్మల బొమ్మను పుస్తకం వెనక అట్ట మీద గీసి పెట్టుకున్నాను. ఒక కొమ్మ పొట్టిది, వాటా పెద్దది. రెండు కొమ్మలు పొడుగువి, వాటా చిన్నది. అక్షరాలకు 0, 1లతో కోడ్‌లు ఇచ్చే విద్యంతా ఆ బొమ్మలోనే ఉందని తర్వాత తెలిసింది.

షరతుతో కూడిన సంభావ్యత దగ్గర మాత్రం ఆగిపోయాను. ఏ ఇస్తే బి, బి ఇస్తే ఏ అంటూ పుస్తకం వేసే గంతులకు తల తిరిగింది. బేయిస్ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి తెలుగు అక్షరాలతోనే ప్రయత్నించాను. తెలుగు వాక్యంలో 'ఞ' ఎంత అరుదు! కానీ అది కనబడిందంటే దాని ముందు 'జ్' ఉందని ధైర్యంగా పందెం కాయొచ్చు, ఈ రోజుల్లో అది దాదాపు 'జ్ఞ'లోనే బతికుంది కాబట్టి. అదే తిరగేసి, 'జ్' కనబడింది కదా, తర్వాత వచ్చేది 'ఞ' అని కాయగలమా? సజ్జలు, రాజ్యం, జ్వరం, వజ్రం అన్నీ అడ్డొస్తాయి. అటు నుంచి ఇటు ఒక అంకె, ఇటు నుంచి అటు వేరే అంకె. ఈ రెండంకెల మధ్య వంతెనే బేయిస్ సూత్రం. పుస్తకంలో కర్మాగారం, మూడు యంత్రాలు, లోపమున్న బోల్టు అని ఉండే లెక్కలు ఆ తర్వాత అవలీలగా వచ్చేశాయి.

ఇక్కడి నుంచి షానన్ దగ్గరికి ఒక్క అడుగే. అమెరికాలో టెలిఫోన్ పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్ వేసిన అడుగు అది. ఒక కబురులో ఎంత సమాచారం ఉందన్నది దాని పొడుగును బట్టి కాదు, అర్థాన్ని బట్టి అంతకన్నా కాదు, అది రావడానికి ఎంత అవకాశం ఉండింది అన్నదాన్ని బట్టే కొలవాలి. తప్పకుండా వచ్చేదే వస్తే కొత్తగా తెలిసింది సున్నా. అరుదైనది వస్తే ఎక్కువ. కొలత సంవర్గమానం (లాగ్). 2 ఆధారంగా తీసుకుంటే ఆ కొలతకు పేరు బిట్. ఆ పేరు సూచించింది జాన్ టూకీ.

సంవర్గమానమే ఎందుకు? దీని మీద చాలాసేపు కూర్చున్నాను. 1 నుంచి 64 లోపు ఒక నంబరు నువ్వు అనుకుంటే, ప్రతి ప్రశ్నకూ మిగిలినవాటిని సగానికి కోస్తూ పోతే నాకు 6 అవును-కాదు ప్రశ్నలు చాలు. ఇద్దరు విడివిడిగా నంబర్లు అనుకుంటే జతలు 64 × 64, కానీ ప్రశ్నలు 6 + 6. సంభావ్యతలు గుణించుకుంటాయి, ప్రశ్నలు కూడుకుంటాయి. గుణకారాన్ని కూడికగా మార్చేది సంవర్గమానం ఒక్కటే. ఇంటర్‌లో లాగ్ టేబుల్ ఎలా చూడాలో చెప్పారు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇక నిజంగా ఒక తెలుగు వాక్యం మీద చేసి చూడాలి. పేపర్లో వార్త తీసుకుంటే చేత్తో లెక్క తెమలదు. అందుకని అందరికీ తెలిసిన "కాకీక కాకికి కాక కేకికా"ను పట్టుకున్నాను. ఖాళీలు వదిలేస్తే 11 అక్షరాలు. కా 4 సార్లు, కి 3, క 2, కీ 1, కే 1. హల్లు అన్నిచోట్లా 'క'యే. అంటే "తర్వాతి హల్లు క" అని చెప్పడంలో సమాచారం సున్నా. ఈ వాక్యం మోస్తున్నదంతా గుణింతమే.

ఫోన్లో కాలిక్యులేటర్ పెట్టుకుని చేశాను. 'కా' వచ్చే అవకాశం 4/11. దాన్ని తిరగేసి 11/4కి 2 ఆధారంగా లాగ్ తీస్తే దాని బరువు 1.46 బిట్లు. 'కి' 1.87. 'క' 2.46. 'కీ', 'కే' చెరో 3.46. వచ్చినన్నిసార్లు వేసి కూడితే మొత్తం 23.3 బిట్లు. ఇదీ షానన్ గీత, ఈ వాక్యానికి. ఇదే వాక్యాన్ని మన ఫోన్లు, వెబ్‌సైట్లు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే 20 గుర్తులు, గుర్తుకు 3 బైట్లు, బైటుకు 8 బిట్లు, మొత్తం 480 బిట్లు!

ఈ 480 నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ మూడు బైట్లలో ఏముందో విప్పి చూశాను. తెలుగు గుర్తు ఏదైనా సరే, మొదటి బైటు ఎప్పుడూ 11100000. రెండోది 10110000 గానీ 10110001 గానీ. మూడో దాని మొదట ఎప్పుడూ 10. అంటే 24 బిట్లలో నిజంగా మారేవి 7 మాత్రమే. అన్ని భాషల గుర్తులకూ నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 గళ్లు కాబట్టి 7 బిట్లకు మించి మారడానికి అక్కడ ఏమీ లేదు. మిగిలిన 17 బిట్లు ప్రతి అక్షరానికీ "నేను తెలుగు, నేను తెలుగు" అని చెప్పుకుంటూ ఉంటాయి. నూరు భాషలు కలిసి ఉండే చోట అది అవసరమే, యూనికోడ్‌ను తిట్టడానికి లేదు. కానీ ఫైలంతా తెలుగే అని ముందే తెలిసినప్పుడు ఆ మాట విలువ సున్నా. తెలుగు ఫైలును జిప్ చేస్తే అంతగా తగ్గడానికి ఇదొక కారణం. ఎస్సెమ్మెస్ ప్రమాణంలో కూడా తెలుగుకు 7 బిట్ల పట్టిక ఒకటి ఉందని ఈ వెతుకులాటలోనే తెలిసింది. మాకు మెసేజ్‌లు అమ్మే కంపెనీ లెక్కలో మాత్రం 70 అంటే 70.

గీత 23.3 అని తెలిసింది సరే, దాని దగ్గరికి వెళ్లే దారేది? ఇక్కడ డేవిడ్ హఫ్‌మన్ వస్తాడు. 1951లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. రాబర్ట్ ఫానో క్లాసులో పరీక్ష రాస్తావా, టర్మ్ పేపర్ ఇస్తావా అంటే పేపర్ ఎంచుకున్నాడు. అతి పొట్టి కోడ్ కనిపెట్టడం దాని విషయం. అప్పటికి షానన్, ఫానో కూడా కచ్చితమైన జవాబు తేల్చలేని సమస్య అని అతనికి తెలియదు. నెలల తరబడి కుదరక, కాగితాలు పారేసి పరీక్షకే చదువుకుందాం అనుకున్నప్పుడు తట్టిందట. వాళ్లు పైనుంచి కిందికి విడగొడుతున్నారు. ఇతను కింది నుంచి పైకి కట్టాడు. అన్నిటికంటే అరుదైన రెండింటిని కలిపి ఒకటి చెయ్యి, మళ్లీ అరుదైన రెండింటిని కలుపు, ఒక్కటే మిగిలేదాకా. 1952లో అచ్చయింది.

కాకీక మీద పెట్టాను. కీ 1, కే 1 కలిపితే 2. దానికి క 2 కలిపితే 4. దానికి కి 3 కలిపితే 7. దానికి కా 4 కలిపితే 11. కొమ్మలకు 0, 1 రాసుకుంటూ వస్తే: కా = 0, కి = 10, క = 110, కీ = 1110, కే = 1111. 'కాకీక' అంటే 01110110. మధ్యలో ఖాళీ లేకపోయినా ఎక్కడ విరవాలో సందేహం రాదు, ఏ కోడూ ఇంకో కోడ్‌కి మొదటి భాగం కాదు కాబట్టి. మన ఎస్టీడీ కోడ్‌లు అచ్చంగా ఇలాంటివే. హైదరాబాద్ 40, విజయవాడ 866, విశాఖ 891. 40తో మొదలయ్యే మరో ఊరు ఉండదు. మహానగరానికి పొట్టి కోడ్, చిన్న ఊరికి పొడుగు కోడ్. మొత్తం వాక్యానికి 24 బిట్లు. గీత 23.3. పూర్తి సంఖ్యలే వాడాలి కనుక ఇంతకంటే కిందికి పోదు.

మధ్యలో ఒక చోట రెండు నాలుగులు వచ్చాయి చూడండి: కా ఒక 4, క-కీ-కే గుంపు ఇంకో 4. 'కి'ని గుంపుతో కాకుండా 'కా'తో కలిపితే వేరే చెట్టు వస్తుంది. కా, కి, క లకు రెండేసి బిట్లు, కీ, కే లకు మూడేసి. దానికీ మొత్తం 24 బిట్లే. రెండు వేర్వేరు కోడ్‌లకు ఒకే మొత్తం ఎలా అని ఆలోచిస్తే అట్ట మీది డాలంబేర్ కొమ్మలు కళ్లముందుకొచ్చాయి. ఒక బిట్ కోడ్ ఇచ్చామంటే ఆ అక్షరం సగం సార్లు వస్తుందని నమ్మినట్టు. రెండు బిట్లు ఇస్తే పావు. మొదటి చెట్టు వాటాలు 1/2, 1/4, 1/8, 1/16, 1/16. కూడితే సరిగ్గా 1. రెండో చెట్టులో 1/4 మూడు, 1/8 రెండు. అదీ 1. ఒక అక్షరానికి పొట్టి కోడ్ ఇవ్వాలంటే ఇంకొకదాని వాటాలో కోత పెట్టాల్సిందే. కోడ్ రాయడమంటే సంభావ్యతల మీద పందెం కాయడమే. 'కా' అసలు వాటా 4/11 అయితే ఒక చెట్టు 1/2 అని పందెం కాసింది, ఇంకోటి 1/4 అని. రెండూ గురి కొంచెం తప్పాయి, నష్టం మాత్రం సమానం. నా మటుకు ఈ మొత్తం చదువులో అసలైన మాట ఇదే. సూత్రాలన్నీ దీని తర్వాతే.

(ఈ 24 బిట్లు చదవాలంటే అవతలివాళ్ల దగ్గర పట్టిక ఉండాలి. దాన్నీ పంపాలంటే 11 అక్షరాల వాక్యానికి అది దండగ. పెద్ద ఫైళ్లకే గిట్టుబాటు.)

పూర్తి సంఖ్యల ఇబ్బంది హాజరు పట్టీ దగ్గర ఇంకా బాగా కనిపించింది. ఒక పిల్లాడు వచ్చే అవకాశం 0.9 అనుకుందాం. వచ్చాడు, రాలేదు అనే రెండే మాటలు. కోడ్ ఒక బిట్‌కి తగ్గదు, కానీ షానన్ లెక్క 0.47 బిట్ అంటుంది. ఇద్దరిద్దరిని జతగా తీసుకుని హఫ్‌మన్ చెట్టు కడితే మనిషికి 0.645కి దిగింది. ముగ్గురేసి చొప్పున తీసుకుంటే 0.533. గుంపు పెరిగేకొద్దీ గీత దగ్గరపడుతుంది. దీనంతటికీ ఒక షరతు ఉంది. పిల్లలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా మానాలి. మా దగ్గర పక్కూరి బస్సు రాలేదంటే ఆ ఊరి పిల్లలందరూ ఒకేసారి ఆబ్సెంట్. 'స్వతంత్ర ఘటనలు' అని పుస్తకంలో ఒక ముక్కలో అనేస్తారు గానీ, బయట అది ఎంత పెద్ద షరతో రిజిస్టర్ చూసేవాళ్లకు తెలుస్తుంది.

తమ్ముడు రాసిచ్చిన చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌తో తెలుగు వికీపీడియా వ్యాసాలు కొన్నిటిని కలిపి గుర్తుల లెక్క తీశాను. పైన ఖాళీ, పొల్లు, కొమ్ము, గుడి, దీర్ఘం. అడుగున ఙ, ఝ లాంటివి. సగటు బరువు 7 బిట్ల కంటే బాగా కిందికి వచ్చింది. ముందు అక్షరం చూసి తర్వాతిది లెక్కేస్తే ఇంకా దిగింది. ఇక్కడ జ్ఞ లెక్క మళ్లీ పనికొచ్చింది. అచ్చు తర్వాత గుణింతం గుర్తు రాదు, మాట మధ్యలో పొల్లు తర్వాత దాదాపు ఎప్పుడూ హల్లే.

షానన్ 1951లో ఇంగ్లీషు మీద ఇలాంటిదే మనుషులతో చేయించాడు. వాక్యం కొంత చూపించి తర్వాతి అక్షరం ఊహించమన్నాడు. ముందు నూరు అక్షరాలు తెలిస్తే, ఇంగ్లీషు అక్షరం విలువ 0.6 నుంచి 1.3 బిట్ల మధ్యే అని అంచనా కట్టాడు. మా అక్క కూతుర్ని కూర్చోబెట్టి పేపర్ మీద స్కేలు అడ్డం పెట్టి ఆడాం. 'ముఖ్యమం' దాకా చూపించగానే "త్రి! ఇంకేం వస్తుంది పిన్నీ, ఇది కూడా ఆటేనా!" అంది. స్కేలు జరిపాను. త్రి. "ఇప్పుడు చెప్పు" అన్నాను. ఆగిపోయింది. ఖాళీ రావచ్చు, 'కి' రావచ్చు, 'గా' రావచ్చు, 'త్వ' కాదు గానీ 'తో' రావచ్చు. తెలుగులో బిట్లన్నీ మాట మొదట్లోనూ, విభక్తి తగిలే చోటా పోగుపడతాయని ఆ సాయంత్రం ఇద్దరికీ అర్థమైంది. మధ్యలో అక్షరాలు ఊరికే నడిచిపోతాయి.

ఇన్నాళ్లూ తగ్గించడమే పని. తీరా తగ్గించాక ఇంకో సంగతి బయటపడింది. కాకీక కోడ్‌లో ఒక్క బిట్ తారుమారైతే అక్కడి నుంచి విరుపులే మారిపోవచ్చు. మామూలు తెలుగులో ఒక అక్షరం ఎగిరిపోయినా చదువుకుంటాం, ఎందుకంటే అందులో అవసరానికి మించి చాలా ఉంది. పిండేసిన దాంట్లో ఆ వెసులుబాటు లేదు. అందుకని లెక్కగా కొన్ని బిట్లు మళ్లీ కలుపుతారు. బెల్ ల్యాబ్స్‌లోనే రిచర్డ్ హ్యామింగ్ అనే ఆయన శని, ఆదివారాలు మెషీన్‌కు పని అప్పజెప్పి వెళ్తే, ఏదో తప్పు దొర్లి ఆగిపోయి ఉండేదట. తప్పు ఉందని కనిపెట్టగలిగినప్పుడు ఎక్కడుందో ఎందుకు చెప్పలేదు అని విసుగొచ్చి కట్టిన కోడ్ 1950లో అచ్చయింది.

4 బిట్లకు 3 కలుపుతాడు. 1011 పంపాలంటే 0110011 పంపాలి. 1, 2, 4 స్థానాల్లోవి కాపలా బిట్లు. దారిలో అయిదోది తిరగబడి 0110111 వచ్చిందనుకోండి. 1, 3, 5, 7 స్థానాల్లో ఒకట్లు లెక్కపెడితే 3, బేసి. 2, 3, 6, 7లో 4, సరి. 4, 5, 6, 7లో 3, బేసి. బేసి వచ్చిన వరసల మొదటి అంకెలు 1, 4 కూడితే 5. తప్పు అయిదో చోట! దీన్ని చేత్తో చేసి చూడని వాళ్లు దయచేసి ఒకసారి చేయండి, నాకైతే గారడీ చూసినట్టే అనిపించింది.

ఇదీ పందెమే. రెండు బిట్లు తిరగబడి ఉంటే హ్యామింగ్ సరిదిద్దింది తప్పే అవుతుంది. బిట్ చెడే అవకాశం 1/100 అనుకుని ద్విపద విభాజనంతో లెక్కేశాను. కాపలా లేకుండా 4 బిట్లు పంపితే వెయ్యిసార్లకు 39 సార్లు పాడవుతుంది. హ్యామింగ్‌తో 7 పంపితే, రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ చెడేది వెయ్యికి 2 సార్లు.

అదీ బిట్లు విడివిడిగా చెడితేనే. బయట అలా చెడవు. టీకొట్టు దగ్గర యూపీఐ స్టిక్కర్ మీద గీత పడితే పక్కపక్క గళ్లన్నీ కలిసే పోతాయి, పక్కూరి బస్సు పిల్లల్లాగే. అయినా ఫోన్ దాన్ని చదివేస్తుంది. క్యూఆర్ కోడ్‌లో వాడేది 1960 నాటి రీడ్-సాలమన్ కోడ్. అది బిట్లను విడిగా కాకుండా ఎనిమిదేసి చొప్పున గుంపుగా చూస్తుంది, కాబట్టి గుంపులో ఒకటి పోయినా ఎనిమిదీ పోయినా దానికి ఒకటే తప్పు. అన్నిటికంటే గట్టి స్థాయిలో దాదాపు 30 శాతం చెడినా తిరిగి రాబడుతుంది. దాని లోపలి లెక్క సంభావ్యత కాదు, బీజగణితం. లెక్కపెట్టగలిగినన్ని అంకెలతోనే కూడిక, గుణకారం అన్నీ జరిగే ఫైనైట్ ఫీల్డ్ అనేదాంట్లో కూడిక వచ్చింది, గుణకారం పట్టిక చూసి చేస్తున్నాను, భాగహారం దగ్గర తమ్ముడికి ఫోన్ చేయాలి.